ప్రశంసాపత్రం రాసే ముందు ఆ వీధికి వెళ్లి రండి

మొక్కలు నాటాడని ఒక పిల్లవాడికి బహుమతి ఇచ్చి, ఆ మొక్కలు బతికాయో లేదో చూడకుండా ఇంటికి వచ్చేసినదాన్ని నేను. కాబట్టి ఈ పని ఎలా చేయకూడదో నాకు బాగా తెలుసు. ఎలా చేయాలో తర్వాత మెల్లగా తెలిసింది.

ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ పాఠాలు చెప్పాను. చివరి తొమ్మిదేళ్లు చంద్రగిరి వైపు పల్లెల్లో. 2016లో రిటైరై తిరుపతి బైరాగిపట్టెడలో స్థిరపడ్డాను. మరుసటి ఏడాది నుంచి నలుగురం కలిసి ఒక పని చేస్తున్నాం. నేను, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, మా వీధి చివర కుట్టు మిషన్ల అంగడి నడిపే ఆవిడ, ప్లీడరుగా ఉన్న నా పాత శిష్యుడు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో ఊరికి పనికొచ్చే పని చేసినవాళ్లను ఏటా వెతికి గుర్తిస్తాం. మా బృందానికి పేరు లేదు, లెటర్‌హెడ్ లేదు. ఏడాదికి ఖర్చు పద్దెనిమిది వేలు దాటదు. మా ఊళ్లోనూ ఇలాంటిది పెట్టాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే మేలనిపించింది.

ముందు ఆ మొక్కల సంగతి. మొదటి ఏడాది మాకు ఒక బడి నుంచి చక్కని ఆల్బమ్ వచ్చింది. రెండు వందల మొక్కలు, చేతిలో పలుగు, నుదుట చెమట, తొమ్మిదో తరగతి అబ్బాయి. మేం మురిసిపోయి శాలువా కప్పాం. ఫిబ్రవరిలో అదే ఊరికి పెళ్లికి వెళ్తే గుంతలు కనిపించాయి. గుంతల్లో రెండు ఎండుపుల్లలు, గట్టున మేకలు. ఆ అబ్బాయి నన్ను చూసి తల దించుకున్నాడు. "గుంతలు తవ్వింది ఉపాధి హామీ వాళ్లు మేడమ్. నన్ను ఫొటోకి నిలబడమన్నారు" అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అబద్ధాన్ని శాలువాలో చుట్టి ఇచ్చింది మేమే. ఆ రోజు నుంచి మాకు ఒకటే నియమం. మా కాళ్లతో వెళ్లి మా కళ్లతో చూడని పనికి మా కాగితం వెళ్లదు. దరఖాస్తులో ఫొటోలు జతచేస్తే వాటిని తిప్పి పంపిస్తాం.

ఏ పనిని లెక్కలోకి తీసుకోవాలి

తిరుపతిలో సేవ అనగానే అందరి చూపూ కొండవైపు వెళ్తుంది. తప్పేమీ లేదు. శ్రీవారి సేవకు పద్దెనిమిదేళ్లు నిండాలి కాబట్టి హైస్కూలు పిల్లలు అందులోకి రారు. స్కౌట్స్ అండ్ గైడ్స్ పిల్లలు మాత్రం బ్రహ్మోత్సవాల్లో క్యూలు సరిచేస్తూ, ముసలివాళ్లకు దారి చూపిస్తూ నిజంగా కష్టపడతారు. అయితే ఆ పిల్లలకు గుర్తింపు పొందే మెట్లు ఇప్పటికే ఉన్నాయి. రాజ్య పురస్కార్, ఆ పైన రాష్ట్రపతి పురస్కారం. ఎన్‌సీసీ వాళ్లకు వాళ్ల సర్టిఫికెట్లున్నాయి. మార్కుల వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 600కు 590 వస్తే ఆ పిల్ల ఫొటో ఏడాదంతా బస్టాండులో ఫ్లెక్సీ మీద నవ్వుతూనే ఉంటుంది. మేం వెతికేది ఏ జాబితాలోనూ లేని పిల్లల్ని. ఎవరూ డ్యూటీ వేయకుండా, ఎవరూ హాజరు తీసుకోకుండా, ఒక పనిని తమదనుకుని మోసినవాళ్లను.

ఇందులో రెండు రకాలున్నాయి. ఎండాకాలంలో బస్టాండు దగ్గర మజ్జిగ పోయడం సేవ. అదే బస్టాండులో ఏడాదిగా పాడైపోయిన కుళాయి గురించి అర్జీ రాసి, రసీదు తీసుకుని, నెల తర్వాత వెళ్లి "ఏమైంది సార్" అని అడగడం పౌరధర్మం. మొదటిదానికి చప్పట్లు దొరుకుతాయి. రెండోదానికి "నీకెందుకు పాపా ఇవన్నీ, చదువుకో పో" అనే సలహా దొరుకుతుంది. మేం రెండింటినీ తీసుకుంటాం, కానీ రెండోదాని కోసం మరికాస్త గట్టిగా వెతుకుతాం. రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద ప్రాథమిక విధులున్నాయి. 1976లో 42వ సవరణతో పది చేర్చారు, 2002లో 86వ సవరణతో పదకొండోది వచ్చింది. ప్రకృతిని కాపాడటం, ప్రజల ఆస్తిని రక్షించడం అందులోవే. వాటిని నాలుగు మార్కుల ప్రశ్నగా ముప్పై ఏళ్లు బట్టీ పట్టించాను. మీలో ఎవరైనా ఇందులో ఒకటైనా చేశారా అని తరగతిలో ఒక్కరోజు కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

హెడ్‌మాస్టర్ని అడిగితే ఫస్ట్ ర్యాంకు పిల్ల పేరు చెబుతారు. ఇది ఆరోపణ కాదు. నేను ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టర్‌గా ఉన్నప్పుడు నేనూ అదే చేశాను. బడిలో మనకు ఎక్కువ కనిపించేది వేదిక ఎక్కే పిల్లలే. అందుకని బడికి ఉత్తరం పంపండి, కానీ అక్కడితో ఆగకండి. మధ్యాహ్న భోజనం వండే ఆవిడను అడగండి. ఆయాను, అంగన్‌వాడీ టీచర్ను, ఆశా కార్యకర్తను, పోస్టుమ్యాన్‌ను, ఉదయం పల్లె నుంచి వచ్చే బస్సు కండక్టర్ను అడగండి. మాకు దొరికిన మంచి పేర్లలో సగం వంటగది గుమ్మం దగ్గరే దొరికాయి. ఒకసారి వంటావిడ చెప్పింది: "మేడమ్, ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడు రోజూ చివర్న తింటాడు. కాలు సరిగా లేని పిల్లవాడికి పళ్లెం కడిగి ఇచ్చి, తర్వాత వీడు కూర్చుంటాడు. రెండేళ్లుగా చూస్తున్నాను." ఆ రెండేళ్లలో ఏ ఉపాధ్యాయుడూ దాన్ని గమనించలేదు.

ప్రతి తరగతిలో ఒక అట్టపెట్టె పెట్టి, పిల్లలనే చీటీలు రాయమనడం ఇంకో దారి. ఇందులో చీటీల లెక్క చూడకండి. చూస్తే అది క్లాస్ లీడర్ ఎన్నిక అయిపోతుంది. ఒకే ఒక్క చీటీలో ఎవరూ చెప్పని పేరుండి, పక్కన ఏదైనా వివరం ఉంటే దాన్ని పట్టుకోండి. "మంచివాడు" అని రాసిన చీటీ పక్కన పెట్టండి. "మా అవ్వకు ఆధార్ సరిచేయించడానికి మూడుసార్లు తోడు వచ్చింది" అని రాసిన చీటీ వెనక నడవండి.

కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాల పిల్లల్ని మరిచిపోవద్దు. వాళ్లకు బయటి ఊరు ఉండదు, హాస్టలే ఊరు. రాత్రి జ్వరం వచ్చిన చెల్లెళ్లకు కాపలా కూర్చోవడం, కొత్తగా చేరి ఏడుస్తున్న ఐదో తరగతి పిల్లను అలవాటు చేయడం, మరుగుదొడ్ల నీటి గురించి అందరితో సంతకాలు పెట్టించి వార్డెన్‌కు ఇవ్వడం, ఇవన్నీ పనులే.

దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. మాది మూడే ప్రశ్నలు. ఏం చేసింది? ఎవరికి ఉపయోగపడింది, వాళ్లను ఎక్కడ కలవవచ్చు? ఈ పిల్ల రేపు మానేస్తే ఏం ఆగిపోతుంది? మూడో ప్రశ్న మా పోస్టాఫీసు పెద్దాయన చేర్చారు. సగం దరఖాస్తులు అక్కడే తేలిపోతాయి. ర్యాలీలో ప్లకార్డు పట్టుకున్న పిల్ల రేపు మానేస్తే ఏమీ ఆగదు. మార్కులు అడగకండి. కులం, తండ్రి వృత్తి అసలే అడగకండి.

వెళ్లి చూడటం

ఈ వ్యవహారంలో అసలు పని ఇదే. మిగతాదంతా దీని చుట్టూ కట్టిన పందిరి.

పాకాల దారిలో ఒక పల్లె నుంచి తొమ్మిదో తరగతి అబ్బాయి పేరు వచ్చింది. వీధి దీపాలు బాగుచేయించాడట. వినడానికి పెద్దగా ఏమీ లేదు. సెప్టెంబరులో ఒక రోజు సాయంత్రం ఏడున్నరకు నేను, మిషన్ల అంగడి ఆవిడ ఆ ఊళ్లో దిగాం. పగలు వెళ్తే వీధి దీపం గురించి ఏం తెలుస్తుంది? అబ్బాయి తల్లి కూడా మాతో వచ్చింది. వాడి చేతిలో గీతల నోటుబుక్కు. అందులో స్తంభాల మీద రంగుతో రాసిన నంబర్లన్నీ వరుసగా రాసుకున్నాడు. అప్పట్లో మొత్తం పదకొండు స్తంభాల మీద దీపాలు వెలిగేవి కావు. జూన్‌లో బడి తెరిచాక గ్రామ సచివాలయంలో అర్జీ ఇచ్చాడు. రసీదు నోటుబుక్కులోనే అంటించి ఉంది. నాలుగుసార్లు వెళ్లి అడిగాడు, ఆ తేదీలూ ఉన్నాయి.

మేం నడుస్తూ లెక్కపెట్టాం. తొమ్మిది వెలుగుతున్నాయి. "బాగుంది నాన్నా, తొమ్మిది" అన్నాను. వాడు ఆగిపోయాడు. "తొమ్మిది అని రాయకండి మేడమ్. ఆ చివరిది మినుకుమంటోంది, వానొస్తే ఆరిపోతుంది. ఎనిమిదే." పాల కేంద్రం నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఖాళీ క్యాన్లతో ఎదురొచ్చారు. అడిగితే, ఇప్పుడు టార్చి పట్టుకోకుండానే వస్తున్నామని, ముందు పాముల భయంతో కర్ర తడుతూ నడిచేవాళ్లమని చెప్పారు. వాళ్లకు దీపాలు ఎవరి వల్ల వెలిగాయో తెలియదు. ఈ అబ్బాయి చెప్పనూ లేదు. ఇలాంటివి ఏ దరఖాస్తులోనూ రావు, అందుకే బస్సెక్కాలి.

చూడటానికి వెళ్లేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి, ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకూడదు, తల్లో తండ్రో టీచరో పక్కన ఉండాలి. పిల్లనే గుచ్చి గుచ్చి అడిగితే ఇంటర్వ్యూలా బిగుసుకుపోతుంది. ఉపయోగం పొందినవాళ్లతో ఎక్కువ మాట్లాడండి. ఇంట్లో ఫొటోలు తీయకండి, వాళ్లిచ్చిన కాఫీ మాత్రం తాగి రండి. "మీకు బహుమతి వస్తుంది" అని ఆశపెట్టకండి, "చూద్దామని వచ్చాం" అంటే చాలు. ఎంపిక కాకపోయినా ఆ పిల్లకు ఒక పోస్టుకార్డు రాయండి. మా పెద్దాయన సొంత చేత్తో రాస్తారు. ఆ కార్డును దేవుడి పటం వెనక దాచుకున్న ఇళ్లను చూశాను.

గంటల లెక్క ఎందుకు పెట్టుకోలేదంటే

అమెరికాలో కాంగ్రెషనల్ అవార్డ్ అని ఒకటుంది. 1979లో చట్టం చేసి మొదలుపెట్టారు. దానిలో బంగారు పతకానికి స్వచ్ఛంద సేవే 400 గంటలు చేసి ఉండాలి. మన ప్లీడరుగారు ఆ పద్ధతి తెద్దామన్నారు. గంటలు నమోదు చేస్తే పక్షపాతం ఉండదు, ఎవరూ వేలెత్తి చూపలేరు అని వాదన. న్యాయంగానే తోచి ఒక ఏడాది లాగ్‌బుక్కులు అచ్చువేయించి పంచాం.

ఆ ఏడాది చిత్తూరు వైపు ఒక పల్లెలో పదో తరగతి అమ్మాయిని చూడటానికి వెళ్లాం. సాయంత్రం వాళ్ల అరుగు మీద ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. మరునాడు బ్యాంకుకు వెళ్లాల్సినవాళ్లు, పింఛను కాగితాలు ఉన్నవాళ్లు, గ్యాస్ సబ్సిడీ ఎందుకు రాలేదో తెలియనివాళ్లు. ఈ అమ్మాయి ఫారాలు నింపి, చదివి వినిపించి, ఎక్కడ వేలిముద్ర వేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి పంపిస్తుంది. "పాస్‌బుక్కు చూసి రాసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాను, నంబర్లు నా దగ్గర ఉంచుకోను" అంది. ఎవరు నేర్పారో! లాగ్‌బుక్కు మాత్రం ఖాళీగా ఉంది. ఎన్ని గంటలమ్మా అంటే నవ్వింది. గేదె పాలు పితికాక, అన్నం వండే ముందు, మధ్యలో తమ్ముడికి లెక్కలు చెబుతూ. అందులో సేవ ఎక్కడ మొదలైంది, ఇంటిపని ఎక్కడ ఆగింది? అదే ఏడాది నగరంలోని ఒక కుర్రవాడు నాన్నగారి కారులో తిరిగి 120 గంటలు నమోదు చేశాడు. తప్పుడు లెక్క కాదు, నిజంగానే చేశాడు. కానీ గంటల ప్రకారం పోతే అతనే ఆమె కన్నా ముందు. తీరిక ఉన్న పిల్లలున్న చోట గడియారం మంచి కొలత కావచ్చు. మన ఆడపిల్లల దగ్గర అది పనికిరాదు. మిగిలిన లాగ్‌బుక్కులు మిషన్ల అంగడిలో బిల్లు పుస్తకాలుగా ఖర్చయ్యాయి.

మొదటి, రెండో, మూడో బహుమతులు కూడా పెట్టకండి. వీధి దీపం గొప్పదా, పళ్లెం కడగడం గొప్పదా అని తేల్చే న్యాయమూర్తి ఎవరూ లేరు. ఏడాదికి పది మందికి మించకండి. పదిమంది ఊళ్లు తిరిగేసరికే మా మోకాళ్లు అరిగాయి. అర్హులు ఆరుగురే దొరికితే ఆరుగురికే ఇవ్వండి.

పేరు బయట చెప్పకూడని పిల్లలు

ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. రెండో ఏడాది ఒక అమ్మాయిని వేదిక మీదకు పిలిచి, తన స్నేహితురాలికి పదిహేనేళ్లకే చేస్తున్న పెళ్లిని పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసి ఆపిందని మైకులో గొప్పగా చదివాను. చప్పట్లు మోగాయి. వారం తిరక్కముందే అవతలి బంధువులు ఆ అమ్మాయి ఇంటిముందు చేరి రభస చేశారు. పది రోజులు బడికి రాలేదు. ప్లీడరుగారు, నేను వెళ్లి ఇరువైపులా కూర్చోబెట్టి మాట్లాడితే గానీ సద్దుమణగలేదు. అంతకన్నా పెద్ద తప్పు, ఆ స్నేహితురాలెవరో ఊరంతటికీ తెలిసిపోయింది. ఇలాంటి వ్యవహారాల్లో చిక్కుకున్న పిల్లల పేరు, బడి, ఆనవాళ్లు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. నాకు తెలియదనడం సాకు కాదు, నేను సోషల్ టీచరును.

ఇప్పుడు అలాంటి పని చేసిన పిల్లకు సభ ఉండదు. హెడ్‌మాస్టర్ గదిలో తల్లిదండ్రుల ఎదుట చేతికి ఉత్తరం ఇస్తాం. ఉత్తరంలో కూడా "ఒక స్నేహితురాలికి కష్టకాలంలో నిలబడ్డావు" అని మాత్రమే ఉంటుంది. మా జాబితాలో ఆ వరుసలో పేరు బదులు ఖాళీ గీత ఉంటుంది.

ప్రశంసాపత్రంలో ఏం రాయాలి

అచ్చు అంగడికి వెళ్తే సిద్ధంగా ఒక వాక్యం ఉంటుంది. "సమాజసేవలో విశేష కృషి చేసి తోటి విద్యార్థులకు ఆదర్శంగా నిలిచిన చిరంజీవి ఫలానావారికి అభినందనలతో." ఇది ఎవరికైనా ఇవ్వవచ్చు, కాబట్టి ఎవరికీ ఇచ్చినట్టు కాదు. పేరు మార్చితే ఇంకొకరికి సరిపోయే వాక్యాన్ని కొట్టేయండి. దీపాల అబ్బాయికి మేం ఇచ్చిన కాగితంలో ఇలా రాశాం:

"మీ వీధిలో వెలగని 11 దీపాల స్తంభాల నంబర్లు రాసుకున్నావు. సచివాలయంలో అర్జీ ఇచ్చి నాలుగుసార్లు వెళ్లి అడిగావు. 8 దీపాలు వెలిగాయి. తొమ్మిదోది మినుకుమంటోందని, లెక్కలో చేర్చవద్దని నువ్వే చెప్పావు. మేం ఒక రాత్రి నీతో కలిసి ఆ వీధిలో నడిచి చూశాం. పాల కేంద్రం నుంచి వచ్చేవాళ్లు ఇప్పుడు టార్చి లేకుండా ఇంటికి వస్తున్నారు."

విశేషణం ఒక్కటి కూడా లేదు. వాళ్ల నాన్నకు చదవడం రాదు. కొడుకు చదివి వినిపిస్తుంటే "తొమ్మిదోది" దగ్గర మళ్లీ చదవమన్నాడట. రాయడానికి ఒక్కో కాగితానికి నాకు ఒక పూట పడుతుంది. అక్కడే సమయం పెట్టండి. పేరు, ఇంటిపేరు బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిచూడండి. ఒకసారి పేరులో ఒత్తు పోయి, ఆ పిల్ల వేదిక మీదే మొహం ముడుచుకుంది.

బహుమతి, సభ

షీల్డులు వద్దు. గాజు పెట్టెలో బంగారు రంగు రెక్కల బొమ్మ ఏ పిల్ల ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? పద్నాలుగేళ్ల పిల్లలకు శాలువా ఇంకా వింత. చేసిన పనికి పనికొచ్చే వస్తువు ఇవ్వండి. ఫారాలు నింపే అమ్మాయికి క్లిప్పున్న రాత అట్ట, డజను పెన్నులు, వేలిముద్రల ఇంకు ప్యాడ్ ఇచ్చాం. దీపాల అబ్బాయికి మంచి టార్చి. దానితోపాటు అందరికీ శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒక చిన్న ముక్క, గోడకు తగిలించుకునేంత. కలంతో గీసి సహజమైన రంగులద్దినది, మన జిల్లా చేతిపని. నేసినవాళ్లకూ అద్దినవాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. నగదు మాత్రం ఇవ్వం, వచ్చిపోయే బస్సు చార్జీలు కవర్లో పెట్టి తల్లి చేతికిస్తాం.

తేదీ విషయంలో మూడేళ్లు తడబడ్డాం. బడి జూన్ 12న తెరుస్తారు. జూలైలో ఉత్తరాలు పంపండి, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఊళ్లు తిరగండి. దసరా సెలవులు, బ్రహ్మోత్సవాల రద్దీ వచ్చాయంటే తిరుపతిలో ఆటో కూడా దొరకదు. డిసెంబరు దాటితే పదో తరగతి పిల్లలకు ఊపిరాడదు. చివరకు నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం రోజున కుదిరింది. ఒక్కటే చిక్కు, అది ఈశాన్య రుతుపవనాల వేళ. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుపతి వీధులు మునిగాయి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. ఆ ఏడు సభ ఫిబ్రవరికి వాయిదా వేశాం. జాబితా మాత్రం మారిపోయింది. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చంటిపిల్లలు, మంచం పట్టినవాళ్లు ఎందరున్నారో పేర్లు రాసి సహాయ కేంద్రంలో ఇచ్చిన ముగ్గురు పిల్లలు కొత్తగా చేరారు. అన్నం పొట్లాలు పంచినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరికి మందులు కావాలో రాసినవాళ్లు ఆ ముగ్గురే. కాబట్టి సభ లోపల పెట్టుకోండి, షామియానాను నమ్ముకోవద్దు.

కూలికి వెళ్లే తల్లిదండ్రులు పగలు రాలేరు. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఐదున్నరకు ముగించండి, చివరి బస్సు అందాలి. వేదిక మీద కుర్చీలు పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు. నిర్వాహకులు నిలబడవచ్చు. స్వాగతోపన్యాసం వద్దు, జ్యోతి ప్రజ్వలనకు పట్టే పదిహేను నిమిషాల్లో ముగ్గురి గురించి చదవవచ్చు. తినడానికి వేడి పులిహోర, వడ పెడతాం. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపితే వచ్చిన తల్లి చిన్నబోతుంది.

ముఖ్య అతిథి దగ్గర మేం పెద్ద దెబ్బ తిన్నాం. మొదటి ఏడాది పిలిచిన పెద్దమనిషి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, నలభై నిమిషాలు తన బాల్యం గురించి చెప్పారు. ఎండలో నిలబెట్టిన పిల్లల్లో ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఇప్పుడు మా ముఖ్య అతిథి ఎవరంటే, పిల్ల అడిగిన పనిని చేసిపెట్టిన ఉద్యోగి. దీపాల ఏడాది, స్తంభమెక్కి బల్బులు మార్చిన సచివాలయం ఎనర్జీ అసిస్టెంటును పిలిచాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. "నా ఉద్యోగం నేను చేశానమ్మా, దీనికి సన్మానమా" అన్నాడు. అతను కిందికి దిగాక అబ్బాయి తల్లి అతని దగ్గరికి వెళ్లి, "అన్నా, ఆ చివరిదొక్కటి కూడా చూడండి" అంది.

సభ అయిపోయాక

ప్రశంసాపత్రం నకలు ఒకటి బడిలో ఇవ్వండి, పిల్ల రికార్డులో ఉంటుంది. నిజంగా అసాధారణమైన పని అనిపిస్తే ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారానికి ఆన్‌లైన్‌లో ప్రతిపాదించవచ్చు. ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు సాహసం, సమాజసేవ, పర్యావరణం లాంటి విభాగాలున్నాయి. మేం రెండుసార్లు పంపాం, రాలేదు. పిల్లలకు చెప్పకుండా పంపాం కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

గుర్తింపు పొందిన పిల్లల్ని వదిలేయకండి. పదిహేడు నిండితే ఓటరు నమోదుకు ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండితే అప్పటినుంచి ఓటు వస్తుంది. ఆ ఫారం 6 కాగితాన్ని పుట్టినరోజు కానుకగా పంపుతాం. ఇప్పుడు ఊళ్లు తిరిగి చూసే పనిలో మాకు తోడొస్తున్నది వాళ్లే. ఫారాలు నింపే అమ్మాయి డిగ్రీ చదువుతోంది, గత రెండేళ్లుగా చిత్తూరు వైపు పల్లెలన్నీ ఆమెవే. మాకన్నా కఠినంగా ఉంటుంది. ఒకసారి నేను ఎంచుకున్న పేరును, "వాళ్ల నాన్న చేయించాడు మేడమ్, పిల్లవాడికి ఏమీ తెలియదు" అని కొట్టేసింది.

ఖర్చు అడుగుతారు కదా. బస్సులు, ఆటోలకు నాలుగు వేలు, కాగితాలు, ఫ్రేములకు మూడు వేలు, బహుమతులకు ఆరు వేలు, పులిహోర, వడలకు నాలుగు వేలు, చిల్లర ఖర్చులకు వెయ్యి. ఇంతే. చందాలు అడగం. అడిగితే చందా ఇచ్చినవాళ్ల అబ్బాయి పేరు ఆగస్టులో వస్తుంది.

ఆ దీపాల ఊరికి మొన్న సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్లాను. మినుకుమనేదాన్ని మార్చారు. ఆరిపోయిన రెండింటిలో ఒకటి వెలిగింది. మిగిలిన స్తంభానికి తీగే లేదు, కొత్తగా లాగాలట. ఆ అర్జీ ఈసారి వాళ్ల చెల్లెలు ఇచ్చింది, ఎనిమిదో తరగతి. రసీదు చూపించమన్నాను. నోటుబుక్కు తెచ్చి, అన్న అంటించిన పేజీ పక్కనే అంటించినది చూపించింది.